పాత ఇంటి పుట్టుపూర్వోత్తరాలు: డోరు నంబరు కాదు, హద్దులు పట్టుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విశాఖపట్నంలోని అల్లిపురంలో మూడేళ్ల క్రితం మీరొక పాత పెంకుటిల్లు కొన్నారు. అది తమ తాతగారి నుంచి వచ్చిందన్న మాట తప్ప అమ్మినవారికి మరో వివరం తెలియదు. పక్కింటి పెద్దావిడ మాత్రం "బాంబులప్పుడు వదిలేసి వెళ్లిపోయినవాళ్ల ఇల్లమ్మా అది" అన్నారు. ఆ ఇల్లు ఎవరు కట్టించారో, ఎప్పుడు కట్టించారో, ఆ బాంబుల మాటలో నిజమెంతో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు.

తెలుసుకోవచ్చు. కట్టిన సంవత్సరం ఖచ్చితంగా దొరకడం అరుదే కానీ, ఫలానా సంవత్సరానికి తరువాత, ఫలానా సంవత్సరానికి ముందు అని చెప్పగలిగేంతవరకు చాలా ఇళ్ల విషయంలో వెళ్లవచ్చు. అందుకు మార్గం ఒక్కటే: మీ దస్తావేజులో రాసి ఉన్న నాలుగు హద్దులను పట్టుకొని ఒక్కొక్క దస్తావేజే వెనక్కి వెళ్లండి, డోరు నంబరును నమ్ముకొని వెళ్లకండి. మీ దస్తావేజులు ఎక్కడ ఆగిపోతాయో అక్కడి నుంచి మీ పొరుగువారి దస్తావేజులు మాట్లాడతాయి. ఒక ఇంటి చరిత్రలో సగం చుట్టుపక్కల ఇళ్ల కాగితాల్లోనే ఉంటుందని నా అనుభవం.

మా నాన్నగారు దస్తావేజు లేఖరి. నేను న్యాయవాదిగా ముప్పై ఏళ్లకు పైగా విశాఖపట్నంలో బ్యాంకుల కోసం ఆస్తి హక్కుల పరిశీలన చేస్తున్నాను. బ్యాంకుకు కావలసింది మీకు కావలసింది కాదని ముందే చెప్పాలి. బ్యాంకుకు గత ముప్పై ఏళ్లలో ఆ ఆస్తి మీద ఎవరికి హక్కుంది, బాకీలున్నాయా అన్నది చాలు. గోడలు ఎప్పుడు లేచాయో, అందులో ఎవరు కాపురమున్నారో దానికి అక్కరలేదు. అందుచేత ఇల్లు కొన్నప్పుడు మీకిచ్చిన లీగల్ ఒపీనియన్ కాగితం ఈ పనికి ఆరంభమే తప్ప సమాధానం కాదు.

మొదట మీ దగ్గరున్న కట్టను తెరవండి. మీ క్రయ దస్తావేజుతోపాటు లింకు దస్తావేజులు, అంటే ఆ ఆస్తి అంతకుముందు చేతులు మారినప్పటి కాగితాలు, ఇచ్చి ఉంటారు. వాటిలో అన్నిటికన్నా పాతదాన్ని ముందు పెట్టుకొని మూడు చోట్ల చూడండి. ఒకటి, మొదటి పేజీలో రాసి ఇచ్చినవారి తండ్రి పేరు, వృత్తి, కాపురమున్న ఊరు. రెండు, "సదరు ఆస్తి మాకు సంక్రమించిన విధమేమనగా" అన్న ధోరణిలో సాగే పేరా. మూడు, కాగితాల వెనుక సబ్ రిజిస్ట్రారు కార్యాలయంవారు రాసిన ఎండార్సుమెంటు. దస్తావేజు నంబరు, సంవత్సరం, 1వ పుస్తకం, వాల్యూము, పేజీలు అని అక్కడ ఉండే నాలుగైదు అంకెలే ఈ మొత్తం అన్వేషణకు తాళంచెవి. సంక్రమించిన విధం చెప్పే పేరాలో అంతకుముందరి దస్తావేజు నంబరు ఉంటే మీ అదృష్టం. "పిత్రార్జితము" అని మాత్రమే రాసి వదిలేస్తే పని పెరుగుతుంది.

ఆ తరువాత ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితా ఉండే ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో 1983 నుంచి జరిగిన లావాదేవీలు కనిపిస్తాయి. అంతకుముందువాటికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో దరఖాస్తు పెట్టి, సూచికల పుస్తకాల్లో చేత్తో వెదికించాలి. సూచికలు రెండు రకాలు: ఒకటి పేర్లను బట్టి, రెండవది ఆస్తిని బట్టి. మొదటే యాభై ఏళ్లకు అడిగితే ఎవరికీ ఓపిక ఉండదు. పదేళ్ల చొప్పున అడుగుతూ వెళ్లండి. ఒకే ప్రాంతం కాలక్రమంలో ఒక కార్యాలయం పరిధి నుంచి మరొకదానికి మారిన సందర్భాలు మన నగరంలో చాలా ఉన్నాయి కాబట్టి, పాత సంవత్సరాలకు మీ వీధి ఏ కార్యాలయం కింద ఉండేదో అక్కడి దస్తావేజు లేఖరులను అడిగి నిర్ధారించుకోండి. తప్పు కార్యాలయంలో వెదికితే "లావాదేవీలు లేవు" అనే వస్తుంది. అది ఇంటి గురించిన సమాచారం కానే కాదు.

మీది కాని ఇంటి దస్తావేజు నకలు అడగవచ్చా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. అడగవచ్చు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఉండే 1వ పుస్తకాన్ని, దాని సూచికలను, రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు ఉండే 3వ పుస్తకానికి, ఇతర దస్తావేజులు ఉండే 4వ పుస్తకానికి మాత్రం పరిమితులున్నాయి. 1998లో కంప్యూటర్లు రాకముందు ప్రతి దస్తావేజునూ వాల్యూములోకి ఎత్తి రాసేవారు. అందుచేత పాత నకళ్లలో పేర్ల అక్షరాలు మారిపోవడం, ఇంటిపేరు పొరపాటుగా పడడం సాధారణం. పేరును ఎన్ని విధాలుగా రాయవచ్చో అన్ని విధాలుగానూ వెదకండి. ముఖ్యంగా స్త్రీల పేర్ల దగ్గర జాగ్రత్త అవసరం: పసుపు కుంకుమల కింద కూతురికి ఇల్లు రాసి ఇచ్చినప్పుడు ఆమె పుట్టింటి ఇంటిపేరుతో ఒక దస్తావేజు, అత్తింటి ఇంటిపేరుతో మరో దస్తావేజు ఉండి, చూసేవారికి ఇద్దరు మనుషుల్లా కనిపిస్తారు.

ఇక అసలు విషయానికి వస్తాను. దస్తావేజులు అమ్మకాన్ని నమోదు చేస్తాయి కానీ నిర్మాణాన్ని నమోదు చేయవు. ఇల్లు కట్టిన రోజున ఎవరూ రిజిస్ట్రారు దగ్గరికి వెళ్లరు. అయినా షెడ్యూలులోని, అంటే దస్తావేజు చివర ఆస్తిని, హద్దులను వర్ణించే భాగంలోని, మాటలు ఆ సంగతిని బయటపెడతాయి. ఒక దస్తావేజులో "ఖాళీ నివేశన స్థలము" అని ఉండి, దాని తరువాతి దస్తావేజులో "పెంకుటిల్లు, నుయ్యి, దొడ్డితో సహా" అని ఉంటే, ఆ రెండు తేదీల మధ్యే మీ ఇల్లు పుట్టింది. తాటాకిల్లు, పెంకుటిల్లు, మిద్దె, మేడ, డాబా అన్న ఒక్కొక్క మాటనూ తేదీతో సహా ఒక కాగితం మీద వరుసగా రాసుకోండి. ఆ వరుసే మీ ఇంటి జాతకం. ఒక్కోసారి అది వెనక్కి కూడా నడుస్తుంది. మేడ అని ఉన్నచోట ఇరవై ఏళ్ల తరువాత ఖాళీ స్థలమని కనిపిస్తే, మీరు చూస్తున్న ఇల్లు ఆ మేడ కాదు, అదే స్థలంలో మళ్లీ లేచిన రెండవ ఇల్లు.

మీ సొంత దస్తావేజులు ఆగిపోయినప్పుడు హద్దులు ఎలా పనికొస్తాయో ఒక ఉదాహరణతో చెబుతాను. కోటవీధి దగ్గర ఒక ఇంటివారికి 1961కి ముందు ఏ కాగితమూ లేదు. అంతకుముందు రెండు తరాలు నోటిమాట పంపకాలతోనే గడిచాయి. వారి దస్తావేజులో తూర్పు హద్దుగా ఒక కుటుంబం ఇల్లు ఉంది. మేము ఆ తూర్పింటి దస్తావేజులను వెదికాము. 1938 నాటి క్రయంలో ఆ ఇంటికి పడమటి హద్దు "ఫలానావారి ఖాళీ దొడ్డి" అని ఉంది. 1947 నాటి తనఖాలో అదే పడమటి హద్దు "ఫలానావారి పెంకుటింటి గోడ" అయింది. ఆ ఫలానావారు మేము వెదుకుతున్న ఇంటివారి ముత్తాత. ఇంటి యజమాని ఒక్క కాగితం కూడా రాయించుకోకుండా కట్టుకొన్న ఇంటికి, పక్కింటివారు తమకు తెలియకుండానే తొమ్మిదేళ్ల వ్యవధిలో తేదీ వేసి పెట్టారు. ఆ ఇంటి పెద్దాయన ఆ రెండు నకళ్లనూ పక్కపక్కన పెట్టుకొని చాలాసేపు చూశారు. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా గుర్తుండిపోయిన మధ్యాహ్నం అది.

కాబట్టి నాలుగు దిక్కుల ఇళ్లకూ విడివిడిగా వెదకండి. వీధి ఉన్న దిక్కును కూడా వదలకండి. ఆ వీధిని "బండి దారి" అన్నారా, "మునిసిపాలిటీ రోడ్డు" అన్నారా, ఎవరి పేరుతో పిలిచారు అన్నవి కూడా కాలాన్ని చెబుతాయి.

డోరు నంబరును నమ్మవద్దని ఎందుకన్నానంటే, నేనే ఒకసారి నమ్మి మూడు నెలలు పోగొట్టుకొన్నాను. మహారాణిపేటలో ఒక ఇంటి కోసం పాత డోరు నంబరు పట్టుకొని 1950ల దాకా వెళ్లి, ఒక వైద్యుడి కుటుంబం కథంతా సేకరించి ఆ ఇంటివారికి అప్పగించాను. హద్దులు సరిచూస్తే అది ఆ వీధిలోనే మూడిళ్ల అవతలి ఇల్లు. వార్డులు మారినప్పుడు నంబర్లు తిరగరాస్తారు; 1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది, 2005లో గాజువాకనూ చుట్టుపక్కల గ్రామాలనూ కలుపుకొని మహా నగరపాలక సంస్థ అయింది. ఇంటిని పంచుకొన్నప్పుడు కూడా ఒక నంబరు రెండవుతుంది. స్థలానికి కాస్త స్థిరంగా ఉండేది టౌన్ సర్వే నంబరు, దాని బ్లాకు నంబరు. సర్వే విభాగంలో టౌన్ సర్వే ల్యాండ్ రిజిస్టరు నకలు, కొలతల పటం అడిగితే మీ స్థలం ఆకారం తెలుస్తుంది. పాత దస్తావేజుల్లో గజాల లెక్క ఆ ఆకారానికి సరిపోతేనే అది మీ ఇల్లని నమ్మండి. సెంట్లలో ఉంటే ఒక సెంటుకు 48.4 చదరపు గజాలని లెక్క వేసుకోవాలి.

డోరు నంబరు ఒక్కచోట పనికొస్తుంది. ఇంటి పన్ను అసెస్‌మెంటు ఏ సంవత్సరంలో మొదలైంది, ఎవరి పేరున ఉంది, ఎప్పుడు పెరిగింది అన్న వివరాలు నగరపాలక సంస్థ రెవెన్యూ విభాగంలో ఉంటాయి. పన్ను ఒక్కసారిగా పెరిగిందంటే చాలాసార్లు గది కలిపారనో, పైన మేడ వేశారనో అర్థం. మామూలుగా అడిగితే దొరకని పక్షంలో సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వండి. ముప్పై రోజుల్లో జవాబు చెప్పాలి. మంజూరైన ప్లాను నకలు, నీటి కుళాయి, కరెంటు సర్వీసు ఇచ్చిన తేదీలు కూడా ఇలాగే అడగవచ్చు.

ఇక బాంబుల మాట. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ ఓడరేవు మీద బాంబులు వేయడం, పట్టణంలోని జనం మూటాముల్లే సర్దుకొని లోపలి ఊళ్లకు తరలిపోవడం జరిగిన చరిత్ర. అందుచేత పాత పట్టణంలో ఎన్నో ఇళ్లకు ఈ కథ ఉంది. అన్ని ఇళ్లకూ అది నిజం కాకపోవచ్చు. చాలామంది కొన్నాళ్లకు తిరిగి వచ్చారు. మీ పొరుగావిడ మాటను తీసిపారేయకండి, అలాగని తేదీగానూ రాసుకోకండి. దాన్ని పరీక్షించడానికి ఒక దారి ఉంది. 1942 నుంచి 1945 వరకు ఆ ఇంటి మీద జరిగిన లావాదేవీలను వెదికి, రాసి ఇచ్చినవారి చిరునామా చూడండి. "విశాఖపట్నం వాస్తవ్యులు, ప్రస్తుతం బొబ్బిలిలో కాపురం" వంటి వాక్యం కనబడితే ఆ కథకు బలం వస్తుంది. నేను చూసిన అలాంటి దస్తావేజు ఒకదానిలో అమ్మకానికి కారణం కూడా ఉంది: "పట్టణములో నివసించుటకు మా కుటుంబమునకు ధైర్యము చాలనందున". రాయించిన మనిషి భయం ఎనభై ఏళ్ల తరువాత కూడా ఆ అక్షరాల్లో తగులుతుంది. అలాంటిదేమీ లేకుండా అదే కుటుంబం పేరు యుద్ధానికి ముందూ తరువాతా కొనసాగుతుంటే, వారు వెళ్లినా తిరిగి వచ్చారని అనుకోవాలి.

ఆనాటి కాగితాలు చదివేటప్పుడు తేదీల విషయంలో ఒక హెచ్చరిక. తెలుగు సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే అరవై ఏళ్ల పొరపాటుకు ఆస్కారముంది. 1942–43 చిత్రభాను, 1882–83 కూడా చిత్రభానే. స్టాంపు కాగితం మీది రాజు బొమ్మ, వెనుక స్టాంపు వెండరు వేసిన తేదీ, మొత్తాన్ని అణాల్లో రాశారా నయాపైసల్లో రాశారా అన్నవి కలిపి చూడండి. నయాపైసలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి. 1953 అక్టోబరు 1కి ముందు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము కాబట్టి అప్పటి కాగితాల్లో ఆ ముద్రలే కనబడతాయి, కొన్ని పూర్తిగా ఇంగ్లీషులోనే ఉంటాయి.

ఇంటి గోడలు, కప్పు కూడా సాక్ష్యమిస్తాయి కానీ వాటిని దస్తావేజుల తరువాతే నమ్మాలి. గానుగ సున్నం, సముద్రపు గుల్లలు కాల్చి తీసిన గుల్లసున్నం, కొండరాయి పునాదులు, టేకు దూలాల మీద సన్నని ఇటుకలు నిలబెట్టి వేసిన మద్రాసు టెర్రస్ వంటివి సాధారణంగా సిమెంటు శ్లాబుల కాలానికి ముందువి. బర్మా టేకు ఉంటే, రంగూనుతో ఓడల రాకపోకలు సాగిన కాలం గుర్తుకు రావాలి. 1942లో బర్మా జపాను చేతికి చిక్కడంతో ఆ రవాణా తెగిపోయింది. పెంకును తిప్పి చూస్తే తయారుచేసినవారి ముద్ర ఉంటుంది. అయితే పెంకు వయసు ఇంటి వయసు కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఈ నగరంలో ఎన్ని పెంకుటిళ్ల కప్పులు లేచిపోయాయో మీరే చూసి ఉంటారు; తరువాత ఎక్కడ దొరికిన పెంకు అక్కడ కప్పుకొన్నారు. ద్వారబంధాలూ అంతే. పాత ఇల్లు పడగొట్టినచోట కలప కొని కొత్త ఇంటికి బిగించుకోవడం మన దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. ద్వారబంధం మీద చెక్కిన సంవత్సరాన్ని చూసి మురిసిపోయిన ఒక కుటుంబానికి, ఆ సంవత్సరానికి వారి స్థలం ఇంకా ఖాళీ దొడ్డేనని చెప్పవలసి వచ్చింది. ఆ ద్వారబంధానికి వేరే చరిత్ర ఉంది, అదీ విలువైనదే. కాకపోతే అది ఆ ఇంటిది కాదు.

మరీ వెనక్కి, ఇల్లు లేని కాలానికి వెళ్లాలనుకొంటే రెవెన్యూ రికార్డులు చూడాలి. మన జిల్లాలో చాలా భాగం జమీందారీ ప్రాంతం, అందులో విజయనగరం సంస్థానానిది పెద్ద వాటా. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సెటిల్‌మెంటులో తయారైన ఫెయిర్ అడంగల్ అనే భూముల రిజిస్టరులో, ఆ సర్వే నంబరు జిరాయితీయా (రైతు సాగు భూమి), ఇనామా (దానంగా ఇచ్చిన భూమి), గ్రామకంఠమా (ఊరి నివాస స్థలం), చెరువా అన్నది తెలుస్తుంది. అల్లిపురం వంటి పాత ప్రాంతానికి ఇది అంత అవసరపడదు. ఎవరైనా అడివివరం, వేపగుంట, పురుషోత్తపురం, చీమలాపల్లి, వెంకటాపురం వైపు ఇంటి గురించి ఇదే పని చేయదలిస్తే, సింహాచలం దేవస్థానం భూముల వివాదం అక్కడ ఉన్నదని తెలుసుకొనే దిగాలి. ఎం.వి.పి. కాలనీ వంటి లేఅవుట్లలోనైతే పని చాలా సులువు: వుడా (అప్పటి విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) కేటాయింపు పత్రం, లేఅవుటు ప్లాను చూస్తే సరిపోతుంది, అంతకుముందటి సంగతి మువ్వలవానిపాలెం గ్రామ రికార్డుల్లో ఉంటుంది.

ఈసీలో కనబడనివి కూడా ఉన్నాయని గుర్తుంచుకోండి. రిజిస్టరు కాని వీలునామాలు, నోటిమాట పంపకాలు, వారసత్వంగా చేతులు మారిన సందర్భాలు, అద్దెకున్నవారి కాపురాలు అందులోకి రావు. ఒక ఇంట్లో నలభై ఏళ్లు అద్దెకుండి పిల్లల పెళ్లిళ్లు చేసినవారు కూడా ఆ ఇంటి చరిత్రే. వారి జాడ పాత ఓటర్ల జాబితాల్లో, వీధిలోని పెద్దల జ్ఞాపకంలో దొరుకుతుంది. అందుచేత ఆ పెద్దావిడతో ఇప్పుడే, ఆమె ఆరోగ్యంగా ఉన్నప్పుడే కూర్చోండి. "ఎప్పుడు" అని సంవత్సరం అడగకండి. "మీ పెళ్లయి వచ్చేనాటికి ఆ ఇంట్లో ఎవరుండేవారు మామ్మగారూ, నూతి దగ్గర గోడ అప్పటికి ఉందా" అని అడగండి. మనుషులకు సంవత్సరాలు గుర్తుండవు, పెళ్లిళ్లూ పురుళ్లూ తుపానులూ గుర్తుంటాయి.

పొరుగువారి దస్తావేజుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. నకలు తీసుకొనే అవకాశం చట్టం ఇచ్చినా, వారికి చెప్పకుండా తీసుకోకండి. "మా కాగితాలు వీళ్లకెందుకు, గోడ తగాదా పెడతారేమో" అన్న అనుమానం ఎవరికైనా సహజంగా వస్తుంది. ముందు వారి తాతగారి గురించి అడిగి, మీరు వెదుకుతున్నదేమిటో చెప్పి, హద్దులున్న పేజీ ఒక్కటి చూపించమనండి. దొరికిన వివరాలను వారికీ ఒక ప్రతి ఇవ్వండి. నేను అలా అడిగినచోట కాదన్నవారు చాలా తక్కువ. పెట్టె అడుగు నుంచి నాకు తెలియని కాగితాలు తీసి చూపించినవారే ఎక్కువ.

మీ విషయంలో నేనైతే ఈ వరుసలో వెళ్తాను: ముందు లింకు దస్తావేజుల్లో అన్నిటికన్నా పాతదాని నకలు, తరువాత 1940 నుంచి 1950 వరకు మీ స్థలానికీ తూర్పు పడమటి ఇళ్లకూ సూచికల్లో వెదుకులాట, ఆ తరువాతే మిగిలినవన్నీ. ఆ పదేళ్లలో ఏదైనా దస్తావేజు దొరికితే, పేర్లు తీసేసి షెడ్యూలు పేరాను మాత్రం ఇక్కడ రాయండి. పాత దస్తూరీ, అప్పటి మాటలు అర్థం కాకపోతే కలిసి చదువుదాము.